గంగ కడుపులో దొరికిన పసుపు కవరు

దాని బరువు చిటికెడు పిండి అంత కూడా ఉండదు. పదకొండేళ్లుగా మోస్తున్నాను.

బీరువాలో, పట్టుచీరల కింద, ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో ఉంది. డబ్బా మూత మీద మా అమ్మ పేరు చెక్కి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. అమ్మ జ్ఞాపకంగా దాచుకున్నాననుకుంటారు. లోపల ఉన్నది సగం చిరిగిన పసుపు ప్లాస్టిక్ కవరు.

ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోందేమో. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు. చదివి నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు కదా. వినండి చాలు.

నేను గవర్నమెంటు బడిలో టీచర్ని. హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురాలో ఉంటాను, వచ్చి ఇరవై ఆరేళ్లు. పుట్టింది మాత్రం దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో. నాన్న వల వేసేవాడు. నాకు అక్షరాల కన్నా ముందు వచ్చింది వల ముడి. లాగిన కొద్దీ బిగుసుకునే ముడి అది, విప్పాలంటే గోళ్లు అరిగిపోవాలి. ఈ ముడి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

నాన్న చివరి రోజుల్లో ఫోను చేస్తే చేపల మాట మానేశాడు. వలలో చేప కన్నా ముందు కవర్లు వస్తున్నాయనేవాడు, పాల ప్యాకెట్లు, చిప్స్ ప్యాకెట్లు, దూరపు ఊళ్ల పేర్లు రాసి ఉన్నవి. ఒకసారి హైదరాబాదు పేరున్న కవరు దొరికిందని, మీ ఊరిదే అమ్మాయ్ అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన పోయాక ఆ మాట నన్ను పట్టుకుంది. పట్టుకుంటే ఏం చేస్తాను? టీచర్ని, పాఠం చెబుతాను.

గల్లీ ఆడవాళ్లతో గురువారం గురువారం కూర్చోవడం అలా మొదలైంది. మనం ఇక్కడ పారేసిన కవరు వానకు నాలాలో పడుతుంది, నాలా మూసీలో కలుస్తుంది, మూసీ వెళ్లి కృష్ణలో, కృష్ణ వెళ్లి మా ఊరి సముద్రంలో. మీ చేతిలోంచి జారింది మా నాన్న వలలో తేలింది, అని చెప్పాను. సముద్రం చూడని ఆడవాళ్లు కూడా ఆ మాటకి చేతిలో కవర్లు తిప్పి చూసుకున్నారు. అంతకు ముందు నేను వాళ్లకి ఆంధ్రా టీచరమ్మని. వాళ్ల మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా మాటకి వాళ్లు సగం నవ్వేవాళ్లు. ఆ గురువారాలు నన్ను గల్లీ మనిషిని చేశాయి. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, నేను ఏం పోగొట్టుకోవడానికి భయపడ్డానో మీకు తెలియాలి.

పాత చీరలతో సంచులు కుట్టాం. టిఫిన్ సెంటరుకి డబ్బాలు పట్టుకెళ్లడం నేర్పాం. పాల ప్యాకెట్లు మాని మల్లక్క దగ్గరికి చెంబులు తీసుకెళ్లడం మొదలుపెట్టాం.

మల్లక్క అంటే మా గల్లీలో పాల ఇంటి మనిషి. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఒకప్పుడు గౌలిపురా అంతా పశువులేనట, నేను వచ్చేసరికి మా గల్లీలో మల్లక్క కొట్టం ఒక్కటే మిగిలింది. మూడు గేదెలు, ఒక ఆవు. ఆవు పేరు గంగ. తెల్లటిది, నుదుటి మీద గోధుమరంగు మచ్చ. పాలు పెద్దగా ఇచ్చేది కాదు. మల్లక్కకి అదంటే ప్రాణం.

కొట్టం ముందు సిమెంటు గోలెం ఉండేది. గల్లీలో ప్రతి ఇంటివాళ్లూ బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు తెచ్చి అందులో పోసేవాళ్లు. కుడితి అంటారు. ఎవరూ చెప్పక్కర్లేని పాత అలవాటు, పొద్దున లేవగానే ముగ్గు వేసినట్టు. నేనూ పోసేదాన్ని. కానీ నేను ఎనిమిదింటికి బడికి బయల్దేరాలి. ఇస్త్రీ చీర కట్టుకుని కుడితి గిన్నె మోస్తే కుచ్చిళ్ల మీద చిందుతుంది. అందుకని అన్నం, తొక్కలు ఒక కవరులో వేసి, ముడి బిగించి, గోలెం గట్టు మీద పెట్టి వెళ్లిపోయేదాన్ని. మల్లక్క విప్పి వేసేది. నీ ముడి విప్పుడు నాతోని అయితలేదు టీచరమ్మా, పండ్లతోని కొరుకుతున్న అని ఒకటి రెండుసార్లు నవ్వుతూ అంది కూడా.

గురువారాలు మొదలయ్యాక నేను పెట్టిన మొదటి రూలు ఏమిటో తెలుసా? గోలెం దగ్గర కవర్లు పెట్టకూడదు. అట్టముక్క మీద నా చేతిరాతతో పెద్ద అక్షరాలతో రాసి కొట్టం గోడకి వేలాడదీశాను. అందరూ పాటించారు.

నేను కూడా పాటించాను, మామూలు రోజుల్లో. ఆలస్యమైన రోజుల్లో, పరీక్షల డ్యూటీ ఉన్న రోజుల్లో, ఇటూ అటూ చూసి, ఎవరూ లేరు కదా అని గట్టు మీద పెట్టి పోయాను. ఎన్నిసార్లు? నాలుగైదు. ఐదు అనే రాసుకోండి. నా అట్టముక్క కిందే పెట్టాను.

ఇక సత్తన్న. గల్లీ మొదట్లో ఆయన దుకాణం. బఫే ప్లేట్లు, థర్మాకోల్ గిన్నెలు, ప్లాస్టిక్ గ్లాసులు, అన్ని సైజుల కవర్లు. ఉస్మాన్‌గంజ్ టోకు బజారు నుంచి స్కూటర్ మీద కొండలా కట్టుకుని తెచ్చేవాడు, మనిషి కనిపించేవాడు కాదు, మూటే నడిచి వస్తున్నట్టుండేది. మంచివాడు. మా గ్యాస్ సిలిండర్ మేడ మీదికి మోసిపెట్టింది ఎన్నిసార్లో. బడిలో పిల్లలకి ఏదైనా పండగ చేస్తే ప్లేట్లు ఉత్తపుణ్యానికి ఇచ్చేవాడు. ఆయన భార్య అనసూయ నాకు బతుకమ్మ పేర్చడం నేర్పింది.

బోనాలకి గల్లీ అంతా ప్లాస్టిక్ ప్లేట్లు మానేయాలని నేను అనుకున్నప్పుడు ఆయన్ని గురువారం మీటింగుకి పిలిచాను. వచ్చాడు, నేను చెప్పిందంతా విన్నాడు. తర్వాత నింపాదిగా అన్నాడు, నేను బంద్ పెడితే చాంద్రాయణగుట్టకు వోయి తెచ్చుకుంటరు టీచరమ్మా, అడిగేటోళ్లు అడుగుడు బంద్ చేస్తే నేనే తేను అని. ఆడవాళ్లు గొల్లుమని నవ్వారు. ఎగతాళి కాదు, ఆయన అన్నది నిజం కాబట్టి నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ముఖాన పేడనీళ్లు చల్లినట్టయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. సముద్రం కోసం బాధపడ్డానా, నవ్వు కోసం బాధపడ్డానా? ఇప్పుడైతే చెప్పగలను. నవ్వు కోసం.

ఆ తర్వాత నెల తిరక్కముందే గంగ మేత మానేసింది.

నెమరు వేయడం లేదు. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. మల్లక్క వాము పట్టింది, నూనె తాగించింది, తాయెత్తు కట్టింది, ఆఖరికి పశువుల డాక్టరుని పిలిపించింది. ఆయన డొక్క మీద చెయ్యేసి నొక్కి, కొయ్యాల్సిందే అన్నాడు. కొట్టంలోనే, గంగ నిలబడి ఉండగానే, మత్తు సూది ఇచ్చి డొక్క కోశాడు. గల్లీ అంతా అక్కడే ఉంది. ఆయన మోచేయి దాకా లోపలికి పెట్టి బయటికి తీస్తూనే ఉన్నాడు. నల్లవి, తెల్లవి, తాళ్లలా పెనవేసుకుపోయిన కవర్లు. ఇద్దరు మనుషులు పట్టి గోనె మీద వేయాల్సి వచ్చింది. గంగ చప్పుడు చేయలేదు. మూడో రోజు పొద్దున పోయింది.

ఆ కవర్లను కడిగి తాడు మీద ఆరేసి గల్లీలో అందరికీ చూపిద్దామన్నది నా ఆలోచనే. పాఠం చెప్పే బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ కంపుకి ఎవరూ ముందుకు రాలేదు. నేనే కొంగు ముక్కుకి కట్టుకుని బోరింగు దగ్గర కూర్చున్నాను. ఒక్కొక్కటే విడదీసి కడుగుతున్నాను. మధ్యలో పసుపుది ఒకటి వచ్చింది.

మొదట ముడిని చూశాను. కవరు సగం చీలికలైపోయింది, ముడి మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న ముడి. గౌలిపురాలో ఆ ముడి వేయడం ఇంకెవరికీ రాదు. ఇంకా నమ్మకం కలగక నీళ్లు పోసి రుద్దాను. అక్షరాలు తేలాయి. బందరులో ఒక బట్టల కొట్టు కవరు. ఆ ఎండాకాలమే మా అన్నయ్య కూతురి ఓణీల వేడుకకి వెళ్లినప్పుడు చీర కొన్న కవరు. అంటే గురువారాలు మొదలైన తర్వాతది. అట్టముక్క రాసిన తర్వాతది. మల్లక్క చూసి విప్పేలోపే గంగ మింగేసి ఉంటుంది.

ఏమనిపించింది అని అడుగుతారు. ఏమీ అనిపించలేదు. నిజంగా చెబుతున్నాను. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. కవరు పిండి, మడిచి, జాకెట్టులో పెట్టుకున్నాను. చల్లగా తగిలింది. మిగతావి కడగడం పూర్తిచేశాను. తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి, అన్నీ ఆరేశాను. అన్నీ అంటే ఒకటి తక్కువ.

మిగిలిన కవర్ల మీద పేర్లు లేవు, అన్నీ ఒకేరకం దుకాణం కవర్లు. ఎవరివో ఎలా చెబుతాం? జనం వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. ఎవలిండ్లకెల్లి వచ్చినయి ఇవన్ని అని ఎవరో అడిగారు. ఎక్కణ్ణించి వస్తాయో మీకు తెలియదా అన్నాను నేను. అని గల్లీ మొదటి వైపు చూశాను. అంతే. పేరు ఎత్తలేదు.

బోనాలకి ఇంకా పది రోజులుంది. మా గల్లీ చిన్న గుడిలో బోనాల మర్నాడు రంగం ఉంటుంది. బయటివాళ్ల కోసం చెబుతున్నాను: ఒక ఆడమనిషి పచ్చికుండ మీద నిలబడుతుంది, అమ్మవారు ఆమె మీదికి వస్తుంది, గుడి పెద్దలు వానల గురించి, రోగాల గురించి అడుగుతారు, అమ్మ చెబుతుంది. ఇరవై ఏళ్లుగా మా గల్లీలో ఆ పచ్చికుండ ఎక్కేది మల్లక్కే. దిగాక ఏం చెప్పిందో ఆమెకే గుర్తుండదు. నేను నమ్మానా? సముద్రం దగ్గర పుట్టినదాన్ని, నమ్మకపోవడం నాకు రాదు. అందుకే నేను చేసింది ఇంకా పెద్ద తప్పయింది.

కవర్లు ఆరేసిన ఆ సాయంత్రం పాలకి వెళ్లాను. మల్లక్క గేదె పొదుగు కింద కూర్చుని ఉంది, పిండడం లేదు. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుంది. పక్కన గంగ కట్టుగొయ్య ఖాళీగా ఉంది, పలుపుతాడు దానికే ఉంది.

"టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నాకు ఒక్కటి చెప్పు," అంది. "నా గంగను ఎవలు సంపిండ్రు?"

నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఇంట్లో, బీరువాలో ఉంది, తెస్తాను మల్లక్కా, అంటే అయిపోయేది. ఆమె తిట్టేది, ఏడ్చేది, బహుశా నా చెంబు విసిరికొట్టేది. నెల్లాళ్లు మాట్లాడేది కాదు. తర్వాత మాట్లాడేది. మల్లక్క అలాంటి మనిషి. ఇదంతా నాకు అప్పుడు కూడా తెలుసు.

"ఎవరు అమ్ముతున్నారో వాళ్లే," అన్నాను. "గల్లీ మొదట్లో కూర్చుని విషం అమ్ముతున్నారు. మనం కొనుక్కొచ్చి కడుపులో పెడుతున్నాం."

"సత్తన్ననా?"

తల ఊపాను. అవునని ఊపానా, ఏమో అన్నట్టు ఊపానా అని ఎన్నోసార్లు ఆ తలని మనసులో మళ్లీ ఊపించి చూసుకున్నాను. ఎలా ఊపినా ఆమెకి ఒకటే అర్థం. పాలు పిండి నా చెంబు నింపి ఇచ్చింది, ఎప్పటిలాగే కొసరు పోసింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులూ రోజూ వెళ్లాను. దిద్దుకోవడానికి తొమ్మిది సాయంత్రాలు. ఆమె ఉపవాసాలు ఉంటూ, మాట తగ్గించుకుంటూ వచ్చింది. నేను చెంబు పెట్టి, పాలు తీసుకుని, వచ్చేశాను.

రంగం రోజు పొద్దున గుడి ముందు ఇసక వేస్తే రాలని జనం. సత్తన్న ముందు వరసలోనే ఉన్నాడు. ప్రతి ఏడూ అమ్మవారికి తొట్టెల ఇచ్చేది ఆయనే. వెదురు బద్దలకి రంగుకాగితాలు అంటించి కట్టే ఆ తొట్టెలని ఆయనా అనసూయా వారం రోజులు కూర్చుని స్వయంగా చేసేవాళ్లు. ఆ ఏడు దాంట్లో ప్లాస్టిక్ పూలు మాని అన్నీ కాగితం పూలే పెట్టారు. టీచరమ్మ మాటకు, అని నవ్వుతూ నాకు చూపించాడు, రంగానికి ముందు రోజే.

మల్లక్క పసుపు ముఖంతో పచ్చికుండ ఎక్కింది. వేపమండలు పట్టుకుంది. పెద్దాయన వానల గురించి అడిగాడు. ఊగుతూ ఊగుతూ ఆగిపోయి, నేనెప్పుడూ వినని గొంతుతో అంది.

"గల్లి మొదట్ల కూసొని ఇషం అమ్ముతుండు. నా బిడ్డ కడుపుల పెట్టిండు."

నా వాక్యం. నేను పేర్చిన వరసలోనే వచ్చింది, తరగతిలో పిల్లలు అప్పజెప్పినట్టు. ఒక్క ముక్క మాత్రం రాలేదు. మనం కొనుక్కొచ్చి అన్న ముక్క. అది అమ్మ వదిలేసిందా, మల్లక్క మర్చిపోయిందా, నేనే సరిగ్గా పలకలేదా? అమ్మే పలికిందేమో, నా మాటతో ఆమెకి పనిలేదేమో అని కూడా కొన్నేళ్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. అమ్మే అయితే పసుపు కవరు సంగతి ఆమెకి తెలియకుండా ఉంటుందా?

జనం తలలన్నీ ఒక్కసారి సత్తన్న వైపు తిరిగాయి. ఆయన వాదించలేదు. మోకాళ్ల మీద కూలబడి, తప్పైంది తల్లీ అని రెండు చేతులూ నేలకి ఆనించాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. టీచర్ని కదా, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడటం బాగా వచ్చు.

ఎవరూ ఆయన్ని కొట్టలేదు, దుకాణం మీద రాయి వేయలేదు. మా గల్లీ అలాంటిది కాదు. ఆయన దుకాణం మెట్లు ఎక్కడం మానేశారు, అంతే. ఆయన మర్నాడే కవర్లన్నీ గోనెల్లో కట్టి ఉస్మాన్‌గంజ్‌కి తిరిగి ఇచ్చేశాడు. ఆకుల ప్లేట్లు తెచ్చి పెట్టాడు. అవి కూడా ఎవరూ కొనలేదు. ఆకులే కావాలి, కానీ ఆయన చేతి ఆకులు వద్దు. మోదుగు ఇస్తారాకులు నేనే ఒక ఊరి ఆడవాళ్ల నుంచి తెప్పించి గల్లీకి పంచాను. చూడండి, అది కూడా నేనే.

మరుసటి ఏడు బోనాలకి ఆయన తొట్టెల గుడివాళ్లు తీసుకోలేదు. ఈ ఏటికి వద్దు అన్నారు, మెల్లగానే అన్నారు. అనసూయ బోనం ఎత్తుకుని వరసలో నిలబడింది. ముందున్న ఆడవాళ్లు జరిగి దారి ఇవ్వలేదు, వెనకవాళ్లు ఆమెని దాటుకుని పోయారు. చాలాసేపు నిలబడింది. తర్వాత తల మీద బోనంతో, పైన దీపం వెలుగుతుండగానే, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. ఎత్తిన బోనం అమ్మకి అప్పజెప్పకుండా వెనక్కి రావడం నేను అప్పటిదాకా చూడలేదు. నేను గుడి పక్కన బల్ల దగ్గర ఉన్నాను, చీర సంచులు పంచుతూ. నా ముందు నుంచే వెళ్లింది. నా వైపు చూసింది. కోపం లేదు. సాయం ఏమైనా చేస్తానేమోనని చూసింది. నేను సంచుల మడతలు సరిచేసుకున్నాను.

దసరాలోపే వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు.

ఆ తర్వాత జరిగింది చెబితే మీకు కోపం రావచ్చు, ఎందుకంటే అంతా మంచే జరిగింది. అమ్మ చెప్పాక ఎదురేముంది? ఒక్క ఏడాదిలో మా గల్లీలో కవరు కనపడకుండా పోయింది. గుడిలో స్టీలు కంచాలు, గ్లాసులు చేర్చిపెట్టాం, ఎవరింట్లో శుభకార్యమైనా అక్కణ్ణించే తీసుకెళ్లి, తోమి తిరిగి ఇస్తారు. పక్క గల్లీలవాళ్లు చూసి నేర్చుకున్నారు. వానాకాలం నాలా పొంగడం తగ్గింది. ఆఫీసర్లు వచ్చి గల్లీ మొదట్లో, సరిగ్గా సత్తన్న దుకాణం ఉన్న చోట, బోర్డు పెట్టారు. నాకు శాలువా కప్పారు. ఇది ఎలా సాధించారు మేడమ్ అని అడిగితే ప్రజల్లో చైతన్యం అని చెబుతాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో, ఇప్పుడు నోటికి రుచి కూడా తెలియదు.

ఒక్క కవరే కదా అని సరిపెట్టుకోవాలని చూశాను. గంగని చంపింది ఇద్దరు పట్టి మోయాల్సినంత చెత్త, అందులో నాది చిటికెడు. మిగతావి ఎవరివి? గల్లీ అందరివీ. కొన్ని సత్తన్న అమ్మినవే, కాదనను. కానీ ఆ రోజు తాడు మీద నా పసుపు కవరు కూడా ఆరేసి, ఇది నాది అని నేను అని ఉంటే, ప్రతి ఇంటివాళ్లూ వచ్చి తమ కవరు కోసం వెతుక్కునేవాళ్లు. తప్పు గల్లీ అంతా పంచుకునేది, తలా చిటికెడు. నేను నా చిటికెడు దాచుకున్నాను. మొత్తం మూట ఆయన నెత్తి మీద పడింది. మూటలు మోయడం అలవాటున్న మనిషే కదా అనుకున్నానేమో.

చెప్పలేకపోవడానికి కారణాలు ఏడాదికొకటి మార్చాను. మొదట సిగ్గు. తర్వాత, చెబితే జనం మళ్లీ కవర్లు పట్టుకుంటారు, సముద్రం సంగతేమిటి అని. సముద్రాన్ని కూడా అడ్డం పెట్టుకున్నాను. తర్వాత, మల్లక్క గుండె పగులుతుందని. ఆమె నిరుడు పోయింది. ఆ రంగం తర్వాత ఆమె మళ్లీ పచ్చికుండ ఎక్కలేదు. ఎందుకని ఎవరడిగినా కాళ్లు నొస్తున్నయి అనేది. నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. పోయే వరకూ నాకు కొసరు పోస్తూనే ఉంది.

పోయిన నెలలో చాంద్రాయణగుట్ట వైపు ఒక బడిలో మాట్లాడమని పిలిచారు, ప్లాస్టిక్ గురించే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు లేదు. టీచరమ్మా, కూసోండ్రి, అని ఎవరో లేచారు. జుట్టంతా నెరిసిపోయింది, భుజం ఒకవైపు ఒరిగిపోయింది. సత్తన్న. నేను గుర్తుపట్టడానికి ఆయన నవ్వే వరకూ పట్టింది.

అనసూయ బాగుందన్నాడు. చాంద్రాయణగుట్టలోనే ఒక గది అన్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ చేస్తున్నాడట, ఇప్పుడు అంతా ఆకుల ప్లేట్ల గిరాకేనని, మీ పుణ్యమే అని నవ్వాడు. వెటకారం కోసం ఆయన ముఖమంతా వెతికాను. లేదు. నా చేతిసంచిలో ఆ రోజు పిల్లలకి చూపించిన కవర్లు ఉన్నాయి, ఏవేవో. పసుపుది ఇంట్లో డబ్బాలో ఉంది.

దిగేముందు కొంచెం వంగి, ఏదో మంచి వార్త చెబుతున్నట్టు, మెల్లగా అన్నాడు.

"శుక్రారం శుక్రారం గోశాలకు వోయి నా చేతితోని గడ్డి ఏసొస్తున్న టీచరమ్మా. పదేండ్లాయె, ఒక్కవారం తప్పలే. గంగ పాపం నాదే గద, నా అంతల నేనే కడుక్కోవాలె. ముందుగాల గడ్డంత ఇదిలించి సూస్త, కవర్ గిట్ల ఉంటదేమోనని."

మంచిది సత్తన్నా, అన్నాను. మంచిది, అన్నాను. రెండుసార్లు. ఆయన దండం పెట్టి దిగిపోయాడు. నేను నా స్టాపు దాటి చాలా దూరం పోయాక దిగి, నడిచి వచ్చాను.

ఇంటికి రాగానే డబ్బా తెరిచాను. ఏళ్ల తర్వాత. కరిగిపోయి ఉంటుందని ఎక్కడో ఆశ ఉందేమో. అది కరగదని ఊరంతా తిరిగి చెప్పేది నేనే. పసుపు కొంచెం పాలిపోయింది, బందరు అన్న అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. ముడి అలాగే ఉంది. విప్పాలని కూర్చున్నాను. గోళ్లతో రాలేదు. మల్లక్కలా పళ్లతో కొరికి చూశాను. రాలేదు. కన్నీళ్లు వస్తాయేమోనని కాసేపు చూశాను, అవి కూడా రాలేదు. మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేశాను.

రేపు శుక్రవారం. ఆయన గోశాలకి వెళతాడు. నేను వెళ్లి చెబుతానా? రాసేటప్పుడు వెళతాననిపిస్తుంది, పెన్ను పక్కన పెడితే వెళ్లననిపిస్తుంది. అబద్ధం ఇంకొకటి ఎందుకు, తెలియదు అనే రాస్తున్నాను. బస్సులో అనలేకపోయిన మాట ఒకటుంది. నోటితో కాకపోయినా చేత్తో, ఒక్కసారి, పూర్తిగా రాస్తాను. పదకొండేళ్లలో ఇదే మొదటిసారి.

ఆ కవరు నాది సత్తన్నా. గంగ కడుపులో పెట్టింది నేను. నువ్వు గడ్డి విదిలించి వెతికేది నా కవరు కోసం.